నేను చెయ్యని ప్రార్థన

ప్రభువు నీడలో ఉన్న మేనకోడలికి,

"మావయ్యా, ఎవరికీ తెలియకూడదని ప్రార్థన చెయ్యి" అని ఫోన్‌లో ఏడ్చావు. మోకరించాను గానీ ఆ మాట నోట రాలేదు.

ఆఫీసులో నీకింకా పాస్‌వర్డ్ ఇవ్వలేదని, మీ సీనియర్ తన పాస్‌వర్డ్‌తో తెరిచిన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నీకు పని నేర్పాడు. ఉత్తుత్తి డేటా అనుకుని నువ్వు చెరిపేసింది ఖాతాదారుల అసలు వివరాలు. తప్పు అతని పేరు మీద పడింది. సోమవారం అతన్ని తీసేస్తారు. నువ్వు పక్క సీట్లో నోరు మెదపకుండా కూర్చున్నావు.

తప్పు చేసి తోటలో చెట్టుచాటున దాక్కున్న మొదటి మనిషిని కూడా దేవుడు పిలిచాడమ్మా. ఇప్పుడు నిన్ను పిలుస్తున్నాడు. లేచి మేనేజరు దగ్గరికి వెళ్లి నిజం చెప్పు. ఉద్యోగం పోతే మన ఇంటికి రా. అత్తయ్య అప్పుడే పక్కగది ఊడ్చింది. "అది వచ్చాక ఒక్క బైబిలు వాక్యం కూడా చెప్పకండి, ముందు నిద్రపోనివ్వండి" అంది. సరేనన్నాను.

మీ మావయ్య