నడిచేవాళ్ళకూ జెండా కట్టమన్న నిబంధన

ప్రభుత్వ భూముల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఊరి వెలుపలి ఇసుక మిట్టలలో లావు చక్రాల బళ్ళు సరదాకు నడుపుటకై తమ కార్యాలయము సవరించిన నిబంధనలు, అందు కాలినడకన పోవువారు సైతం జెండా కలిగియుండవలెనన్న ఏడవ నిబంధన రద్దు కోరుట గురించి.

నేను మిట్టలకు ఇవతలి వీధిలో, చివరి ఇంట్లో ఉంటాను. విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రం చదివాను. పాఠ్యపుస్తకాలలో తప్పులు దిద్దే పని చేస్తాను. ఈ రెండింటివల్ల నాకు అబ్బిందొక్కటే, ఏ మాటనూ మొదటిసారి చదివి నమ్మలేకపోవడం. నేను రాసిన మాటనైనా సరే. అందుచేత ఈ అర్జీ ఆలస్యమైంది. మన్నించగలరు.

1. నా ఆడపడుచు మిట్టలకు అవతలనున్న ఆసుపత్రిలో నర్సు. రోడ్డు మిట్టల చుట్టూ తిరిగిపోతుంది, ఆమె డ్యూటీ వేళకు అటు బస్సు ఉండదు. మా వీధివాళ్ళు పనికి పోయేది మిట్టల మధ్య కాలిబాటనే. బళ్ళు రాకముందు నుంచీ అంతే. గత వేసవిలో ఆమె పెద్దమిట్ట ఎక్కుతుండగా అవతలి వైపు నుంచి ఒక బండి అంచు దాటి గాలిలోకి లేచి, వచ్చి ఆమె కాలిమీద పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. తన ఆసుపత్రిలోనే తాను రోగిగా చేరింది. “ఇక్కడి దుప్పట్లు ఇంత గరుకని ఇన్నాళ్ళూ తెలీదు వదినా, పాపం జనం” అన్నది, తెలివి రాగానే.

2. తమ కార్యాలయం విచారణ జరిపి ఇట్లు తేల్చినది: “వాహనదారుడు నిబంధనానుసారము, మిట్ట అవతలివారికి కనబడుటకై, పొడవాటి కడ్డీకి నారింజరంగు జెండా కలిగియున్నాడు. పాదచారి ఎట్టి జెండాయు కలిగియుండలేదు. కావున మిట్టకు అవతలనున్న పాదచారి కానరాకుండుటకు వాహనదారుడు బాధ్యుడు కానేరడు.” దీన్ని చాలాసార్లు చదివాను. తార్కికంగా ఇందులో తప్పు పట్టలేకపోయాను. భయం వేసింది అందుకే.

3. పిమ్మట తమరు ఏడవ నిబంధనలో “వాహనములు” అన్న మాటకు ముందు “వ్యక్తులు మరియు” అని చేర్చించినారు. నా ఆడపడుచు ఇప్పుడు కర్ర ఊతంతో నడుస్తుంది. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో జెండా. అన్నం డబ్బా ఏ చేత పట్టుకోవాలో తెలుపలేదు. ఈ సంగతి విన్నవించగా తమ గుమాస్తా గారు, “వీపుకు కట్టుకోవచ్చండీ. చేత్తోనే పట్టుకోవాలని రూల్లో లేదు కదా” అన్నారు. ఆయన ఎగతాళి చేయలేదు, సాయపడదామనే అన్నారు. ఎగతాళి చేసి ఉంటే నాకు జవాబు తోచేది.

4. అయినను నిబంధనను శిరసావహించితిమి. కిటికీ తెర కడ్డీ ఊడదీసి, నారింజరంగు దిండు గలీబు చించి, జెండా చేసి ఆమె వీపుకు కట్టాను. “ఎన్నికలకు నిలబడ్డానా ఏమిటి వదినా? వెనకాల జనమేరీ?” అన్నది. జనం నేనొక్కదాన్నే, వెనకాల నడిచాను. పెద్దమిట్ట పైఅంచుకు చేరువయ్యామో లేదో పైనుంచి ఒక బండి తిన్నగా మా మీదికే వచ్చింది. చివరి క్షణంలో పక్కకు తిరిగి, ఇసుకలో ఒరిగి ఆగింది. నడిపే అబ్బాయి హెల్మెట్ తీశాడు.

“సారీ ఆంటీ. జెండా చూశాను. మావాడే అనుకున్నాను.”

“మీవాడైతే గుద్దవచ్చా?”

“అలా కాదాంటీ. మావాడైతే నేను పైకొచ్చేసరికి దాటి వెళ్ళిపోతాడు కదా. మీరు అక్కడే ఉన్నారు.”

అతడు చెప్పింది నిజమే. జెండా కనిపిస్తే అక్కడొక బండి ఉందని, రెప్పపాటులో అక్కడ ఉండదని అర్థం. కర్ర పట్టుకున్న మనిషి ఉన్నచోటనే ఉంటుంది. కనుక జెండా లేని మనిషి వాళ్ళకు కనిపించదు, జెండా ఉన్న మనిషి బండిలా కనిపిస్తుంది. మనిషి మనిషిగా కనిపించే ఏర్పాటు తమ నిబంధనలలో నాకెక్కడా దొరకలేదు. హెల్మెట్టు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, మోకాటి కవచాలు అని నడిపేవాడి ఒంట్లో ప్రతి ఎముకకూ ఒక నిబంధన మాత్రం ఉన్నది.

5. ఆమె కాలు విరిచిన మొదటి కుర్రవాణ్ణి శిక్షించమని అడగడం లేదు. అడగాలని ఉందో లేదో నాకే తేలలేదు. పళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చాడు. నా ఆడపడుచు వాటిలోనే ఒకటి కోసి అతనికి పెట్టింది. నేను అతని కాళ్ళవంక చూస్తూ కూర్చున్నాను. రెండూ బాగున్నాయి.

6. బళ్ళు నేర్పే మాస్టారిని కలిసి, ఎత్తు అవతల ఏముందో తెలియనప్పుడు ఏం చేయాలని అడిగాను. “ఒకడు దిగి, నడిచి పైకెళ్ళి, అక్కడే నిలబడాలమ్మా. దారి ఖాళీ అని వాడు చెయ్యి ఊపాకే తక్కినవాళ్ళు కదలాలి. మొదటి రోజే చెప్తాం.” మరి రెండో రోజు? “రెండో రోజు ఎవరూ దిగరు. దిగమని రూలేం లేదుగా.”

7. వచ్చే సోమవారం డ్యూటీలో చేరనిచో వేరొకరిని తీసుకుంటామని ఆసుపత్రి వారు తెలిపినారు. జెండా లేకుండా నడిస్తే జరిమానా, కట్టుకుని నడిస్తే బండి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు; ఆ రెండూ కనీసం కదలవు.

కావున తమరు ఏడవ నిబంధన నుండి వ్యక్తులను తొలగించి, దాని స్థానే మాస్టారు చెప్పిన మాటను చేర్పించ ప్రార్థన. దిగి చూడమనడమే. నేనెంత అనుమానపు మనిషినైనా దీనిలో లొసుగు కనిపెట్టలేకపోయాను. తమకు కనిపించినచో తెలియజేయగలరు.

పై సంగతులు తమరు చిత్తగించవలెను. చిత్తగించుటకు తీరిక లేనిచో, ఒక్కసారి ఆ మిట్ట నడిచి ఎక్కవలెను.

తమ విధేయురాలు,
ఆ నర్సు వదిన

తా.క.: ఇది సోమవారం ఉదయం, అంటించిన కవరు మళ్ళీ చింపి రాస్తున్నాను. ఆమె బయలుదేరింది. జెండా తలుపు మూలనే ఉంది. “కట్టుకోనా?” అని అడిగితే వద్దనలేదు, కట్టుకొమ్మనీ అనలేదు నేను. అటు బళ్ళు స్టార్ట్ చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమె నడక నిదానం, పరిగెత్తితే మిట్ట దగ్గర అందుకుంటాను. పైన నిలబడి చెయ్యి ఊపడానికి చదువేం అక్కర్లేదు. మీరు ఆ నిబంధన పెట్టేదాకా నిలబడే మనిషిని నేనే. జవాబు ఈ ఇంటికి పంపకండి, ఆమె డ్యూటీకి వెళ్ళే వేళా వచ్చే వేళా నేనిక్కడ ఉండను. పెద్దమిట్ట మీదికి పంపండి. తెచ్చేవాణ్ణి నడిచి రమ్మనండి.