చిన్న మంచంలో పది రాత్రులు

ఆగస్టు 1, గురువారం

ఈరోజు పనులు: ఉతికిన బట్టలు 23. వంట రెండు పూటలు. ఎర్ర మిరపకాయలు దారానికి గుచ్చి గోడకు వేలాడదీసినవి 6 దండలు. పెరుగు తోడు. అదనంగా, చిన్న మంచం ఒకటి కడిగి ఆరబెట్టడం.

మంచం మా ఆడపడుచు సలూహాది. చుట్టూ చెక్క కమ్మీలు, పైన దోమతెర. మా ఆయన త్వహామీ తను నడిపే లువాజ్ షేర్ టాక్సీ బండి పైన కట్టి తెచ్చాడు. వదిన పిల్లలు ఐదుగురూ ఇందులోనే పెరిగారట.

"పడుకోబెట్టు, దీపం ఆర్పు, బయటికి రా. అంతే! మూడో రోజుకి నా పిల్లలు వాళ్లే ఎక్కి పడుకునేవాళ్లు" అంది.

కారణం కూడా రాసిపెడుతున్నాను. తర్వాత మెత్తబడతానేమోనని.

పెళ్లైన పదహారేళ్లకు తస్నీం పుట్టింది. ఇప్పుడు పదకొండు నెలలు. పుట్టినప్పటినుంచి మా మధ్యే పడుకుంటోంది. పెద్ద మంచం వెడల్పు 140 సెంటీమీటర్లు. పిల్ల పొడవు 72. పిల్ల అడ్డంగా పడుకుంటుంది. మిగిలింది 68, ఇద్దరికి. అందులో ఎక్కువ భాగం నాదే.

మూడు వారాలుగా త్వహామీ వీధిలో నిలిపిన బండిలో, వెనక సీటు మీద పడుకుంటున్నాడు. నడి వేసవి అవుస్సు ఎండలు, ఇనుప బండి, దోమలు. పొద్దున ఐదున్నరకు కైరవాన్ నుంచి ట్యూనిస్‌కు మొదటి ట్రిప్పు. పోయిన సోమవారం అన్ఫీదా దగ్గర కళ్లు మూతపడితే, పక్క సీట్లో ముసలాయన తొడ గిల్లి లేపాడట. ఆ నీలం మచ్చ నేను చూశాను. బండిలో ఎనిమిది మంది ప్రయాణికులు. తొమ్మిదోవాడు నా మొగుడు.

అందుకే నిర్ణయం. రేపటినుంచి పది రాత్రులు తస్నీం చిన్న మంచంలో, త్వహామీ పెద్ద మంచంలో!

వదినతో పందెం: మాట నిలబెట్టుకుంటే ఆ మంచం నాదే. లేదంటే పది కిలోల రవ్వ కుస్కుస్ చేసి, ఎండబెట్టి, వాళ్లింటికి చేర్చాలి.

గమనిక: మంచం చెక్కలు కలిసే సందుల్లో గట్టి పసుపు గింజలు. అల్లిక సూదితో తీస్తే చెంచాడు వచ్చాయి. పురుగు తొలిచిన చెక్కపొడి కావచ్చు. వెనిగర్ పట్టించాను. అదేమిటో తేలకుండా పారేయడం ఎందుకని పొట్లం కట్టి సొరుగులో పెట్టాను.

ఆగస్టు 2, శుక్రవారం

8:00 స్నానం. 8:15 పాలు. 8:30 చిన్న మంచంలో. 8:31 లేచి నిలబడింది. 8:32 పడుకోబెట్టాను. 8:33 నిలబడింది. ఇలా ముప్పై ఒక్కసార్లు. 9:40 నిద్ర!

11:50 వరకు చిన్న మంచంలోనే. మొత్తం రెండు గంటల పది నిమిషాలు. మొదటి రోజుకు ఇంతకంటే ఏం కావాలి? పద్ధతి ప్రకారం చేస్తే ఏదైనా అవుతుంది.

ఆగస్టు 3, శనివారం

మూడు గంటల ఐదు నిమిషాలు! ఈ లెక్కన రోజుకు యాభై అయిదు నిమిషాలు పెరిగితే, వచ్చే శుక్రవారానికి రాత్రంతా.

పన్నెండున్నరకు త్వహామీ దిండు చంకలో పెట్టుకుని వచ్చాడు. అప్పటికే తస్నీం పెద్ద మంచం మీద అడ్డంగా ఉంది.

"నా సీటు ఎవరో పట్టేశారే" అన్నాడు.

"ఈ ఒక్క రాత్రికే."

"నా బండిలో నిలబడి వెళ్లే పద్ధతి లేదు వసీలా" అని, దిండుతోనే వెనక్కి తిరిగాడు.

ఆగస్టు 5, సోమవారం

నిన్న, ఈరోజు లెక్కలోకి రావు. పై పన్ను వస్తోంది. పన్ను వచ్చేటప్పుడు పిల్లను కమ్మీల మధ్య పడుకోబెట్టేది తల్లేనా?

పొద్దున ఎదురింటి హాజ్జా మబ్రూకా రొట్టెలు కొనడానికి వెళ్తూ బండి దగ్గర ఆగి, అద్దంలోంచి త్వహామీని తీరిగ్గా చూసి, నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది.

"మగాడు బండిలో పడుకుంటే కారణాలు రెండే వసీలా. ఒకటి దొంగలు, రెండోది పెళ్లాం. మన వీధిలో దొంగలు లేరు."

"పిల్ల కోసం హాజ్జా. మంచం చాలడం లేదు."

"అలాగా! మరి అర కిలో పిల్ల అంత మనిషిని ఎలా తోసేసింది తల్లీ?"

తస్నీం బరువు తొమ్మిది కిలోలు. అది కూడా చెప్పాను. ఆమె వినలేదు.

ఆగస్టు 6, మంగళవారం

పనులు: బట్టలు 19. టమాటాలు కోసి ఉప్పు చల్లి ఎండలో పెట్టినవి 8 కిలోలు. ఇల్లు తుడవడం ఒకసారి (రెండోసారి ఓపిక లేదు).

పుస్తకంలో కొత్త గడి గీశాను: ఎవరు ఎవరిని లేపారు.

నిన్న రాత్రి: తస్నీం నన్ను లేపినవి 1. నేను తస్నీంను లేపినవి 4. ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు కింద వేలు పెట్టాను. చాలా నిశ్శబ్దంగా ఉంది, చూడకుండా ఎలా? వేలు తగలగానే లేచింది. లేచాక చిన్న మంచంలో వదిలేయడం బాగుండదు.

ఆగస్టు 8, గురువారం

కొత్త ఉపాయం: నా తల గుడ్డ ఆమె పక్కన, నా చెయ్యి కమ్మీల మధ్యనుంచి ఆమె వీపు మీద. నేను నేల మీద చాప వేసుకున్నాను. తస్నీం మూడున్నర గంటలు చిన్న మంచంలో నిద్ర! నా చెయ్యి అయిదు గంటలు. మోచేయి ఇరుక్కుంది. ఆలివ్ నూనె రాసి తీయాల్సి వచ్చింది. ఈరోజు కుడిచేత్తో పిండి పిసకలేదు. రొట్టెలు బయట కొన్నాం, 4.

ఆ అయిదు గంటలూ పెద్ద మంచం ఖాళీగానే ఉంది. త్వహామీని పిలవడం మర్చిపోయాను.

ఆగస్టు 9, శుక్రవారం

రాయకూడదనుకున్నాను. కానీ లెక్క లెక్కే.

8:30 పడుకోబెట్టాను. 8:50 నిద్ర. పది అయింది, పదకొండు అయింది, కదలలేదు. పన్ను బయటికి వచ్చేసింది, ఏడుపు లేదు. పన్నెండు. ఒకటి. నా శుక్రవారం లెక్క నిజమవుతోంది. త్వహామీని పిలవాలని గుమ్మం దాకా వెళ్లాను. వెనక్కి వచ్చి మంచం మీద కూర్చున్నాను. నా పక్కన దుప్పటి నున్నగా, ముడత లేకుండా ఉంది. తస్నీం పుట్టకముందు పదహారేళ్లు, మా ఇద్దరి మధ్య ఇలాగే మడత చెదరని దుప్పటిని రోజూ పొద్దున సర్దాను.

2:00 గంటలకు తస్నీంను ఎత్తుకుని పెద్ద మంచం మీదికి తెచ్చాను.

తస్నీం ఏడవలేదు. ఈ గడిలో నా పేరు రాశాను.

ఆగస్టు 11, ఆదివారం

పదో రోజు. వదిన చెప్పకుండా వచ్చింది. పడకగదిలోకి వెళ్లి దోమతెర ఎత్తింది.

చిన్న మంచంలో ఉన్నవి: మడతపెట్టిన బట్టలు 14. జల్లెడలు 2. ఉల్లిపాయల సంచి 1. త్వహామీ టోపీ. తస్నీం: లేదు.

"పిల్ల బాగా పెరిగిందే, ఉల్లిపాయ వాసన వస్తోంది" అంది వదిన.

"పన్ను వచ్చింది వదినా."

"పన్నొస్తే? ఐదుగురికీ కలిపి వంద పళ్లు మొలిచాయి నా చేతుల మీద. ఒక్కదాన్నీ పక్కలోకి రానిచ్చానా? నీ గుండె అమ్మాయ్, వెన్న. ఎండలో పెట్టకు."

"ఒప్పుకుంటున్నాను. పది కిలోలు."

"సన్నగా చేయి. లావు గింజలు మీ అన్నయ్యకు నచ్చవు."

తివాచీల కొట్టు నడిపే వాళ్లాయనను నన్ను అన్నయ్య అనమంటుంది.

ఆగస్టు 13, మంగళవారం

మా దేశపు మహిళా దినోత్సవం, సెలవు. పనులు: రోజూ ఉన్నవే.

త్వహామీ మధ్యాహ్నం వచ్చాడు. చేతిలో బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను. "పండగ కానుక. చిన్న మంచానికి కట్టు, చల్లగా ఉంటే పడుకుంటుందేమో" అన్నాడు.

సాయంత్రం బండి తుడవడానికి వెళ్లాను. కుడివైపు అద్దం లేదు. తలుపు పొడవునా తెల్లటి గీత.

"ఇదేంటి?"

"స్తంభం."

"స్తంభం నడిరోడ్డు మీదికి వచ్చిందా?"

"నేనే దాని దగ్గరికి వెళ్లాను." తలుపు మీది గీతను బొటనవేలితో తుడిచాడు. "ఎవరికీ ఏం కాలేదు వసీలా. రెండు సెకన్లు. అంతే."

"ఈ రాత్రి నువ్వు మంచం మీద పడుకో. మేం కింద పడుకుంటాం."

"నేల మీద తేళ్లు తిరిగే కాలం. పిల్లను నేల మీద పడుకోబెట్టి నేను పైన నిద్రపోతానా?"

మళ్లీ దిండు తీసుకున్నాడు. ఫ్యాను బండికి కట్టాను.

ఆగస్టు 15, గురువారం

పనులు: కుస్కుస్ మొదటి విడత. రవ్వ 4 కిలోలు, ఉప్పునీళ్లు చల్లి అరచేత్తో తిప్పడం, రెండు జల్లెడలు పట్టడం, ఆవిరి మీద పెట్టడం. మేడ మీద తెల్ల గుడ్డ పరిచి ఆరబోశాను.

పిచ్చుకలు! ఒక గంటలో పావు కిలో పోయింది. తస్నీంను చంకన వేసుకుని తువ్వాలు ఊపుతూ నిలబడ్డాను. నేను నీడలోకి జరిగితే అవి ఎండలోకి వస్తాయి.

ఆగస్టు 17, శనివారం

మధ్యాహ్నం తోచింది. చుట్టూ కమ్మీలు, పైన సన్నటి తెర, కింద గాలాడే బద్దలు. నేలకు మోకాలెత్తు. ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరు చేస్తారు?

త్వహామీ చిన్న మంచాన్ని మేడ ఎక్కించాడు. పరుపు తీసి గుడ్డ వేసి, కుస్కుస్ పరిచి, దోమతెర దించాను. పిచ్చుకలు పిట్టగోడ మీద వరసగా కూర్చుని చూశాయి. అంతే, ఏమీ చేయలేకపోయాయి!

సాయంత్రం చేత్తో కలియదిప్పుతుంటే కొన్ని గింజలు చెక్కల సందులో పడ్డాయి. గట్టి పసుపు గింజలు. కిందికి వెళ్లి సొరుగులోంచి పొట్లం తెచ్చాను. పక్కపక్కన పెట్టి చూశాను. పాతవి కాస్త నల్లబడ్డాయి, అంతే తేడా.

చాలాసేపు నవ్వుకున్నాను. తస్నీం కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

రాత్రి పిల్లులు కుస్కుస్ మీదికి వస్తాయని నేనూ తస్నీం మేడ మీదే పడుకున్నాం. ఇంత ఎత్తుకు తేళ్లు రావు. మూడు చాపలు కలిపితే వెడల్పు 270. పిట్టగోడ నా నడుమెత్తు. అయినా తస్నీం కాలికి రిబ్బను కట్టి, రెండో కొస నా మణికట్టుకు కట్టుకున్నాను. వీధిలోంచి త్వహామీ తల పైకెత్తాడు.

"పైన సీట్లున్నాయా?"

"ఒకటి ఉంది. త్వరగా రా, బండి కదులుతోంది."

వచ్చాడు. తస్నీం అతని వైపు తల, నా వైపు కాళ్లు పెట్టింది. 270 లోంచి 72 తీసేస్తే 198.

నిద్ర లెక్క: త్వహామీ 9:40 నుంచి 4:50 వరకు. తస్నీం, ఒక్కసారి లేచింది. నేను, రెండుసార్లు. కుస్కుస్, చిన్న మంచంలో, రాత్రంతా, ఒక్కసారీ లేవలేదు.

ఆగస్టు 24, శనివారం

ఈరోజు పనులు: బట్టలు 20. మూడో విడత కుస్కుస్ ఎత్తడం, తూచడం, రెండు సంచుల్లో కట్టడం. సలూహా వదిన ఇంటికి వెళ్లి రావడం.

త్వహామీ ఏడు రాత్రులుగా మేడ మీదే. కొత్త అద్దం బిగించాడు. నిన్న అన్ఫీదా దగ్గర మళ్లీ ఆ ముసలాయనే పక్క సీట్లో కూర్చున్నాడట, వేళ్లు సిద్ధంగా పెట్టుకుని. గిల్లే అవకాశమే రాలేదని ట్యూనిస్‌లో దిగుతూ కాస్త నిరాశపడ్డాడట.

వదిన సంచి విప్పి గింజలు వేళ్ల మధ్య రుద్ది చూసింది. "సన్నగానే చేశావు. పిచ్చుకలు వదిలాయా?"

"తెర కింద ఆరబెట్టాను." పొట్లం తీసి ఆమె అరచేతిలో పెట్టాను. "ఇవి మీవి వదినా. మీ మంచం సందుల్లో మిగిలాయి."

పొట్లం విప్పింది. ఒక గింజను గోటితో నొక్కి చూసింది.

"ఆ ఏడాది పిచ్చుకలు మరీ ఎక్కువగా ఉండేవి" అంది.

"పిల్లలు ఎక్కడ పడుకునేవాళ్లు?"

"ఎక్కడేంటి? నా మీద. ఒకటి దిగేలోపు ఇంకొకటి."

"మరి అన్నయ్య?"

"కొట్లో, తివాచీల మీద. ఎనిమిదేళ్లు. మెత్తగానే ఉండేదట." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మా అత్తగారు నాతో చెప్పింది, తన ఏడుగురూ చిన్న మంచంలోనే పెరిగారని. నేను నమ్మాను. నీకూ అదే చెప్పాను. ఎవరితోనూ అనకు."

"అయితే పందెం?"

"పందెం పందెమే. కుస్కుస్ నేను వెనక్కి ఇవ్వను. మంచం కావాలంటే ఉంచుకో. నాకు చేసిపెట్టే మనిషి దొరికాక అది నాకెందుకు?"

కొత్త నిర్ణయం: తొలి వాన పడగానే మేడ దిగుతాం. చిన్న మంచం తుడిచి, సందులన్నీ సూదితో శుభ్రం చేసి, ఆ రాత్రి నుంచే పద్ధతి ప్రకారం. 8:00 స్నానం. 8:15 పాలు. 8:30 తస్నీం చిన్న మంచంలో. ఈసారి తప్పదు!

సలూహా వదినకు ఇవ్వాల్సినది: కుస్కుస్ 10 కిలోలు. ఇచ్చినది: 10 కిలోలు, పాతది ఒక చెంచాడు. చెల్లు.