రెండో పళ్ళెం

ఆగస్టు 3
ఉదయగిరి పురప్రజలకు తెలియజేయడమేమనగా, చెక్క చెంచాలు చెక్కుకుని బతికే బర్కతుల్లా అను నేను, నేటి నుండి ఏ దావత్‌కు వెళ్లినా దాల్చా గిన్నె వైపు రెండోసారి చెయ్యి చాపనని ఇందుమూలముగా ప్రకటిస్తున్నాను. కారణం: పోయినేడు పుండు పగిలితే నెల్లూరులో ఆపరేషన్ చేసి నా కడుపులో సగానికి పైగా కోసి పారేశారు. మిగిలింది టీ గ్లాసంత. కావున వంటవాళ్లు ధైర్యంగా ఉండవచ్చును.

ఆగస్టు 5
పెళ్లయిన నాటి నుంచీ నాకూ ఖాజాబీకీ ఒకటే పెద్ద పళ్ళెం. మధ్యలో అన్నం, అటు ఆమె, ఇటు నేను. ముక్కలన్నీ నా వైపుకి నెడుతుంది. తినవయ్యా, గాలొస్తే ఎగిరిపోయేటట్టుండావు అంటుంది. నేను ఆమె వైపుకి నెడతాను. మళ్లీ నెడుతుంది. నాలుగు ముద్దలకే నా కడుపు బిగుసుకుంటుంది. నేను చెయ్యి కడిగితే ఆమె కూడా కడిగేస్తుంది. సబ్బు రాస్తే గానీ ఎక్కని గాజులు ఇప్పుడు మోచేతి దాకా జారుతున్నాయి.

ఆగస్టు 6
దొడ్డికి పోతే మళ్లీ నూనె తేలింది. తిన్నది తిన్నట్టే పోతోంది.

ఆగస్టు 9, సాయంత్రం, ఆత్మకూరు నుంచి వచ్చాక
డాక్టర్ రిపోర్టులు చూశాడు. మిగిలిన కడుపులో బ్యాక్టీరియా కాపురం పెట్టిందట. అన్నం అరిగించే ఎంజైమ్ లెవెల్ బాగా పడిపోయిందట. రెండు వారాలు యాంటీబయాటిక్స్, తినేటప్పుడు మధ్యలో ఒక క్యాప్సూల్. బరువు ఇంకా తగ్గితే అడ్మిట్ కావాల్సిందే, అప్పుడు నేను కూడా ఏమీ చెప్పలేను అన్నాడు. బ్యాక్టీరియా అద్దె ఏమన్నా ఇస్తుందా సార్ అని అడిగాను. నవ్వలేదు. ఆ పురుగు పోయేదాకా ఒకే పళ్ళెంలో ఎవరితోనూ తినకూడదని కూడా చెప్పాడు.

ఖాజాబీ నమ్మలేదు. నీ నోట్లో నిజం ఎప్పుడన్నా పుట్టినాదా, చచ్చిపోయినానని పడుకోని మా అన్నని ఏడిపిచ్చినోడివి గదా అంది. ఒట్టు వేశాను. లేచి రెండో పళ్ళెం తెచ్చింది.

ఆగస్టు 10
ఆమె తినలేదు. మొగుడు బతికుండంగా ఒంటి పళ్ళెం ఏంది అంది, గోడతో.

ఆగస్టు 14
మాత్రలకి నోరంతా తుప్పు రుచి. రెండుసార్లు వాంతి. ఖాజాబీ అన్న సమీవుల్లా గడప బయటే నిలబడి పలకరించాడు. టీ వద్దన్నాడు. నీ కడుపులోకి పోతే ఆ పురుగే చస్తుందిలే భాయ్ అన్నాను. అతను వెళ్లాక ఏడ్చాను.

ఆగస్టు 19
భయంగా ఉంది. లుంగీ నడుము మీద నిలవడం లేదు. చెంచా సగం చెక్కి పక్కన పెట్టేశాను. యా అల్లా, నాతో పరాచికాలు వద్దు. నేను ఊరితో ఆడినవి చాలు.

ఆగస్టు 23
మాత్రలు అయిపోయాయి. పురుగు పోయిందో లేదో నెల తర్వాత టెస్టులో గానీ తెలియదట. క్యాప్సూల్ వేసుకుని మూడు ముద్దలు తిన్నాను. ఇంకా లోపలే ఉన్నాయి.

ఆగస్టు 24
ఇన్నాళ్లూ నాలుగు మెతుకులతో లేచిపోయిన ఖాజాబీ ఇవాళ అటు తిరిగి కూర్చుని తన పళ్ళెంలో ముక్కలన్నీ తినింది. ఎముక కూడా చప్పరించింది.

వేరే పళ్ళెం మాట డాక్టర్ అనలేదు. నేనే కల్పించాను.