ముఖ్య అతిథి కోసం ఆగిన తాబేలు పిల్లలు

మంగళవారం, రాత్రి

తెల్లారేలోపు సముద్రంలోకి వదలాల్సిన తాబేలు పిల్లల్ని ఇవాళ పదింటిదాకా తొట్టిలోనే ఉంచాం. శ్రీకాకుళం నుంచి ముఖ్య అతిథి రావాలని మా గైడ్ సార్ ఆపించారు. ఎండకి అవి కదలడం మానేస్తుంటే, గుడ్లకు కాపలా కాసే ఎర్రయ్య మావ నా దగ్గరికి వచ్చాడు.

"ఏటమ్మా, ఇంత సదువు సదువుతన్నావు, ఇవి సచ్చిపోతాయని నీకు తెల్దా?"

తెలుసు. కన్జర్వేషన్ బయాలజీ ఎమ్మెస్సీలో మాకు మొదట నేర్పిందే అది. కానీ నా థీసిస్ మీద సంతకం పెట్టేది సారే కదా.

అతిథి వచ్చి పిల్లల్ని ఇసుక మీద వదిలారు, ఫోటోలు అయ్యాక వెళ్ళిపోయారు. ఇసుకలో మిగిలినవాటిని మావ ఒక్కడే ఏరి నీళ్ళలో వదిలాడు. కొన్ని తేలాయిగాని ఈదలేదు.

వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. అందులో నేను నవ్వుతున్నాను. నా మీద నాకే రోత పుట్టింది. అయినా సార్ పెట్టిన అభినందనలకి ఇప్పుడే దండం బొమ్మ పెట్టాను.