గాజు వీపు

జూన్ 3, 2003. ధర్మవరం

చీరల అంగడికని ఓనరు బెంగళూరు నుంచి బొమ్మను తెచ్చాడు. ఆడమనిషంత ఎత్తు. పట్టుచీర కట్టాం. కరెంటు పెడితే చేతులు జోడించి తల వంచుతుంది. గొంతు మాత్రం నాతో పనిచేసే మా వరలక్ష్మిది — అంగడిలో తనంత తీయగా ఎవరు పిలుస్తారు? "రాండమ్మా... లోపలికి రాండి." క్యాసెట్‌లో చెబుతూ ఎంత నవ్విందో.

జూన్ 20

పెండ్లి చీరలకని వచ్చిన హిందూపురం వాళ్ళు గడప దగ్గరే ఆగిపోయారు. "లోపల మనిషిని పెట్టినారా ఏమి?" అటునుంచి అటే వెళ్ళిపోయారు.

ఆగస్టు 9

వరలక్ష్మి పోయింది. జ్వరం... అంతే. పెనుకొండ వెళ్ళి మన్ను వేసి వచ్చాం.

ఆగస్టు 11

అంగడి తెరిచాం. బొమ్మ పిలిచింది. చేతిలో చీర జారిపోయింది.

"ఆపేయండన్నా."

"జనాలు వచ్చే టైము కదమ్మా" అన్నాడు ఓనరు, నా ముఖం చూడకుండా.

ఆగస్టు 25

జనం జడుసుకుంటున్నారని బొమ్మ వీపు కోయించి గాజు బిగించాడు. మోటారు, పళ్ళచక్రాలు, తిరిగే క్యాసెట్ — అన్నీ కనిపిస్తాయి. "చూసుకోండి, లోపల ఏమీ లేదు." చూసి నవ్వుతున్నారు. బేరాలు పెరిగాయి.

నాకే... మునుపు లోపల ఎవరైనా ఉన్నారేమోనని భయం. ఇప్పుడు ఎవరూ లేరని కనిపిస్తోంది. మరి పిలుస్తున్నదెవరు?

సెప్టెంబరు 14

వరలక్ష్మి అమ్మ పెనుకొండ నుంచి రైల్లో వచ్చింది. ఎవరో చెప్పారట. బొమ్మ దండం పెట్టి పిలవగానే, "వస్తాండానే తల్లీ" అంది.

ఓనరు బొమ్మను వెనక్కి తిప్పాడు. "మిషనమ్మా ఇది. మీ పాప ఈడ లేదు. చూడు."

చూసింది. చాలాసేపు. గాజు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇంత ఇరుకులో ఎట్లుండావే?"

ఓనరు గల్లా దగ్గరికి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 15

మళ్ళీ వచ్చింది.

సెప్టెంబరు 19

సద్ది తెచ్చి బొమ్మ ముందు పెట్టింది. గాజులోకి చూసి ఇప్పుడెవరూ నవ్వడం లేదు. ఆమెను చూసి, బొమ్మను చూసి, పక్కకు ఒదిగి లోపలికి వస్తున్నారు.

సెప్టెంబరు 22

"సుశీలా, నీ గొంతు పెడదాం. రేపు క్యాసెట్‌లో చెప్పు" అన్నాడు ఓనరు నాతో. పాత క్యాసెట్ వరలక్ష్మి అమ్మకే ఇమ్మన్నాను. సరేనన్నాడు. సంతోషిస్తుందని పరుగున వెళ్ళి చెప్పాను.

ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నువ్వు పోవద్దమ్మా దాన్లోకి."

సెప్టెంబరు 23

కొత్త క్యాసెట్ వేశాడు. బటన్ నొక్కాడు. "ఊ... చెప్పు."

నోరు తెరిచాను. గొంతు రాలేదు.

రేపు చూద్దామన్నాడు.