జీమెయిలువారి సంబంధం

కరిసల్‌పట్టి, తిరుమంగళం పక్క.

చిరంజీవి సరణ్యకు తాత పెరుమాళ్సామి దీవెనలు. ఇక్కడ అవ్వ సుఖము. ఎద్దులు సుఖము. పత్తి సుఖము లేదు.

నువ్విచ్చిపోయిన సెల్లులో మెయిలు వచ్చింది. బోడినాయకనూరు పెండ్లికొడుకు సెంథిల్ మనకు మెయిలు రాస్తాడు, ఇంటికి పెద్దవాడివి నువ్వు సరే అంటేనే నాన్న ముహూర్తం పెడతాడు అని చెప్పి పోతివి. నేనూ ఎదురుచూస్తూ ఉంటిని. వచ్చింది అతని దగ్గరనుంచి కాదు. మనకు టార్చిలైటు అమ్మిన వాంగలాం కంపెనీ రాసింది. నా ఖాతాలో ఏదో తప్పు జరిగిందట. ఇరవైనాలుగు గంటలలోపల కింద ఉన్న నీలం అక్షరాలు నొక్కి పాస్‌వర్డు చెప్పాలట. లేకుంటే ఖాతా మూసేస్తారట.

ఏమి చేయమంటావో రాయి. చాలా అవసరం అని వేసినారు కాబట్టి ఈ కార్డు ఇవాళే పోస్టు చేస్తున్నాను.

ఇట్లు,
తాత.

తా.క. టార్చి బాగా వెలుగుతుంది. ఇంకొకటి అక్కరలేదు. మూస్తే మూసుకోనీ అంటుంది అవ్వ.


అన్నూరు.

తాతకు సరణ్య నమస్కారాలు. అవ్వకు కూడా. ఎద్దులకు కూడా.

నీ కార్డు నాకు చేరేసరికి వాళ్ల ఇరవైనాలుగు గంటలు ఎప్పుడో అయిపోయినాయి. ఖాతా మూసినారా? మూయరు. ఎందుకంటే రాసింది కంపెనీ కాదు. కంపెనీ వేషం కట్టిన దొంగ. ఆలోచించుకునే లోపల పని కానిచ్చుకోవాలని తొందరపెడతాడు. నీలం అక్షరాలు నొక్కవద్దు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పవద్దు. పెద్దమనిషి తరహాలో బదులు కూడా రాయవద్దు. నువ్వు రాస్తావు, నాకు తెలుసు.

వేషం కనిపెట్టేది ఎట్లా అంటావా? కొత్త మనిషి వాకిట్లోకి వస్తే మనవాళ్లు ఏమడుగుతారు? ఇంటిపేరు. పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. మెయిలు కూడా అంతే. పంపినవాని పేరు మీద వేలు పెడితే అడ్రసు కనిపిస్తుంది. అందులో సున్న చుట్టుకున్న చిన్న ఏ గుర్తు ఒకటి ఉంటుంది. దాని తరువాత ఉండేదే ఇంటిపేరు అనుకో. నిజమైన కంపెనీ అయితే వాంగలాం అని ఊరికే ఉంటుంది. తోకలు తగిలించి ఉంటే దొంగ.

ఫోనులో అయితే ఒక్క నిమిషం పని. నీకేమో ఫోను పట్టుకుంటే మాట రాదు. నాకు తెలుగు అక్షరాలు దిద్దించిన పాపానికి కడితాలు రాయిస్తున్నావు.

ఇట్లు,
మనవరాలు.

తా.క. సెంథిల్ మెయిలు పంపినాడట. అది చూడు. నేను అన్నం తినాలంటే నువ్వు సరే అనాలి.


కరిసల్‌పట్టి.

చి. సరణ్యకు తాత దీవెనలు. అందరమూ సుఖము. వాన వస్తానని చెప్పి రాలేదు.

నువ్వు చెప్పినట్టే చూసినాను. టార్చి కంపెనీవాని ఇంటిపేరు వాంగలాం-గిఫ్టు-హెల్పు అని బారెడు ఉంది. మన పక్క అట్లాంటి ఇంటిపేరు లేదు. దొంగే. తీసేసినాను. నీ తెలివికి సంతోషం.

తరువాత సెంథిల్ మెయిలు తీసినాను. ఇంటిపేరు చూస్తే జీమెయిలు అని ఉంది. మనసు ఒప్పక నీది చూసినాను. నీదీ జీమెయిలే. నాదీ అదే. ఒకే ఇంటిపేరు వాళ్లు పంగాళీలు, దాయాదులు. అన్నాచెల్లెలి వరుస. ఈ సంబంధం కుదరదు అని మీ నాన్నకు కార్డు రాసేసినాను. మంచి పిల్లోడే. మనసు గట్టి చేసుకో.

ఇట్లు,
తాత.

తా.క. పాస్‌వర్డుకు భయం లేదు. నా పేరే పెట్టి అవ్వకు అప్పజెప్పి పోతివి గదా. మొగుని పేరు అవ్వ నోట రాదు. ఏ దొంగ వచ్చి అడిగినా అంతే.


అన్నూరు.

తాతకు నమస్కారం. సుఖాలు తరువాత అడుగుతాను.

జీమెయిలు ఇంటిపేరు కాదు. అది పోస్టాఫీసు వంటిది. తిరుమంగళం పోస్టులో కార్డు వేసినవాళ్లంతా అన్నదమ్ములా? ఇంటిపేరు అన్నది నేనే, తప్పు నాదే, చెప్పుతో కొట్టుకోవాలి. కంపెనీలకే ఆ లెక్క. మనుషులకు కాదు. మనము మేకలవారము. సెంథిల్ వాళ్లు జొన్నలవారు. ఈ ముక్క వాళ్ల అవ్వ మా అమ్మతో కూర్చొని మూడు తరాలు వెనక్కి పోయి మాట్లాడుకునింది.

నీ కార్డు చదివి నాన్న నట్టింట్లో కూర్చున్నాడు. తాత వద్దంటే వద్దే అంటున్నాడు చిన్నాన్న. బోడినుంచి సెంథిల్ వాళ్లు పంపిన ఏలక్కాయల పొట్లం ఎవరూ విప్పవద్దని అమ్మ పైన పెట్టేసింది, తిరిగి పంపాలట. ఇంట్లో నాలుగు రోజులుగా టీ కూడా ఉత్తదే.

ఇకమీద అనుమానం వస్తే ఒకటే దారి. ఆఫీసులో అందరికీ నేను చెప్పేదీ ఇదే. ఆ మెయిలును పట్టుకొని వేలాడవద్దు. అందులో చూపించిన దారిన పోవద్దు. మనకు ముందే తెలిసిన దారిలో, మనమే నేరుగా వాళ్ల దగ్గరికి పోయి, ఇది మీరు పంపిందేనా అని అడగాలి.

ఇట్లు,
సరణ్య.

తా.క. పాస్‌వర్డు ఏమిటో కార్డు మీద రాసి పంపినావు. తెలుగు వచ్చిన పోస్టుమ్యాన్ పొన్నుసామి చదివి, పెరుమాళ్సామి సౌక్యమా అని అడిగి మరీ ఇచ్చినాడు. మార్చేసి, కొత్తది అవ్వకు ఫోనులో చెప్పినాను. అది కూడా రాసి పంపవద్దు.


కరిసల్‌పట్టి.

చి. సరణ్యకు దీవెనలు.

నువ్వు చెప్పిందే సరి. నేరుగా పోయి అడగటానికి ఎల్లుండి బోడికి బస్సెక్కుతున్నాను.

తాత.

తా.క. అవ్వ ఇడ్లీ పొట్లం కట్టింది.


అన్నూరు.

తాతా,

నేను చెప్పింది కంపెనీల సంగతి. పెండ్లికొడుకు అంగడికి పోయి నువ్వు దొంగవా అని అడగమని నేనెప్పుడు చెప్పినాను? నేను రాసింది ఒకటి, నువ్వు పట్టుకునేది ఒకటి. ఈ కడితం చేరేలోపల నువ్వు పోయి ఉంటావని తెలుసు. తెలిసే రాస్తున్నాను. రాయకపోతే నాకు తల పగిలిపోతుంది.

అవ్వకు పక్కింటివాళ్ల ఫోనుకు చేస్తే, ఆయన బస్సెక్కి పోయినారు అనింది, ఎద్దులకు నీళ్లు పెట్టాలని ఫోను పెట్టేసింది. సెంథిల్‌కు చేస్తే ఎత్తటం లేదు. ఎందుకు ఎత్తటం లేదో ఆలోచించి ఆలోచించి ఇంకో నాలుగుసార్లు చేసినాను. ఈ సంబంధం పోతే నేను ఇంకొకరిని చూడను. నీ జీమెయిలుకే నన్నిచ్చి కట్టబెట్టు.

సరణ్య.

తా.క. ఇడ్లీలోకి పొడి పెట్టటం మరిచిపోయినానని అవ్వ బాధపడుతున్నది. ఆమె బాధ ఆమెది.


కరిసల్‌పట్టి.

చి. సరణ్యకు తాత పెరుమాళ్సామి దీవించి రాసేది. ఇంటికి వచ్చి చేరినాను. కాళ్లు నొప్పి. మిగిలినదంతా సుఖము.

జొన్నలవారి ఏలక్కాయల అంగడి కనుక్కున్నాను. నేను ఫలానా అని చెప్పుకోవటానికి సిగ్గయింది. వాకిట్లో బల్ల మీద కూర్చున్నాను. లోపల పిల్లోడు సెల్లాయి అనే వాళ్ల అవ్వకు ఏదో మెయిలు చూపించి, ఇది దొంగది అవ్వా, నొక్కవద్దు అని చెబుతున్నాడు. ఆమె సరే అంటుంది, మళ్లీ, నొక్కనా అంటుంది. ఇతను మళ్లీ మొదటినుంచి చెబుతాడు. గొంతు లేవలేదు. నాకు ఇడ్లీ అయిపోయింది, వాళ్లకు మాట అయిపోలేదు.

తరువాత నన్ను చూసినాడు.

“ఏలక్కాయలా తాతా?”

“కాదు. ఈ మెయిలు నిజమా, దొంగదా అని అడగాలి.”

చేతులు తుడుచుకొని సెల్లు తీసుకున్నాడు. చూస్తే అతని మెయిలే. చదివినాడు. మూట మీద కూర్చున్నాడు.

“నిజమే తాతా.”

“నీకెట్లా తెలుసు?”

“రాసింది నేనే.”

“దొంగ అయినా అట్లే అంటాడు.”

“మాది జొన్నలవారు. కావాలంటే మా అవ్వను అడగండి.”

సెల్లాయి నన్ను పైనుంచి కిందికి చూసి, “మా మనవడు నిజమే. వేషానికి వచ్చినవాడు ఇంత తిండి తినడు” అనింది.

నాకు ఇంకొక అనుమానం ఉండింది. “నాకు ఈ సెల్లు తిప్పటం రాదు, పాస్‌వర్డు చెబుతాను, నువ్వే చూసుకో” అంటిని. పిల్లోడు రెండు చెవులూ మూసుకున్నాడు. “నాకు కూడా చెప్పవద్దు తాతా. సరణ్య అడిగినా చెప్పవద్దు.” చెవులు మూసుకునే చెబుతున్నాడు. అంగడికి వచ్చినవాళ్లు చూస్తున్నారు.

సరే.

మీ నాన్నకు వేరే కార్డు రాసినాను. ఏలక్కాయల పొట్లం విప్పమని మీ అమ్మకు చెప్పు. పిల్లోని మొగం చూడకుండా సరే అనటానికి మొదటినుంచీ నాకు చేతకాలేదు. పోయి చూస్తానని చెప్పటానికి సిగ్గు. దారి నువ్వే చూపించినావు. నేను రాసేదాకా నీకు ఏమీ చెప్పవద్దని అడిగినాను, అందుకే అతను ఫోను ఎత్తలేదు. తిట్టవద్దు.

ఇట్లు,
తాత.

తా.క. నీ కడితాలు రెండూ జోబీలో ఉండినాయి. సెంథిల్‌కు తెలుగు చదవటం రాదు కాబట్టి నేనే చదివి వినిపించినాను, కోపం పడిన చోట్లు కూడా విడువలేదు. నిజమా దొంగదా అని రెండు పక్కలా తెలియాలి గదా. మొత్తం విని, సరే తాతా అన్నాడు. మూడో కడితం ఇంటికి వచ్చినాక అందింది. అది పెండ్లి అయినాక వినిపిస్తాను.