కాశీలో వదిలిన ఆకు

జూలై 6, ఆదివారం

ముదినేపల్లిలో రూమ్ దొరికింది. ఇంటి వెనక పోర్షన్. ఒక గది, చిన్న వంటిల్లు, పెరట్లోకి ఒక తలుపు. స్కూల్‌కి నడిచి వెళ్ళొచ్చు. ఓనర్ హనుమంతరావు గారిది వ్యవసాయం. మనిషి నోరు విప్పరు. మాటలన్నీ ఆయన భార్య వీరదుర్గ గారివే. అద్దె గురించి ఒక్క మాట, నీచు గురించి పది మాటలు. మా అత్తగారు కాశీ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ నీచు ముట్టరండీ, వాసన కూడా పడదండీ, చేప కాదు కదా గుడ్డు కూడా ఈ గుమ్మం దాటి లోపలికి రాకూడదండీ టీచర్ గారూ, అంది. సరేనన్నాను. ఈ ఊళ్ళో నాకు ఇల్లు ఇస్తామన్నది వీళ్ళొక్కళ్ళే. మిగతా చోట్ల ఏ చర్చి అని అడిగి, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామన్నారు.

మాది కొల్లేరు లంక. నాన్న చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. మా ఇంట్లో కూర అంటే చేప. ఫోన్‌లో చెబితే అమ్మ పకపకా నవ్వింది. అయితే ఇక గడ్డి తింటావన్నమాట, నీకూ గేదెకీ ఒకటే కంచం, అంది. పక్కనుంచి నాన్న, పాలు కూడా ఇస్తుందేమో కనుక్కో, అన్నాడు.

నవ్వితే నవ్వనీ. మా ఇంట్లో మొదట బడి మెట్లెక్కింది నేను. రానిది నేర్చుకోవడం నాకు అలవాటే. ఏ కాలంలో ఏది కాస్తే అది వండుకుంటాను.

జూలై 9

వంకాయ కూర. చేదు.

జూలై 20, ఆదివారం

ఇవాళ వాక్కాయ పప్పు బాగా కుదిరింది. వానాకాలం మొదట్లోనే దొరుకుతాయట, ఈ నాలుగు రోజులూ తినాల్సిందేనట. చింతపండు అక్కర్లేదు. పులుపు దానిదే. వేడి అన్నంలో వేసుకుని, ప్రార్థన చేసుకుని, గుమ్మంలో కూర్చుని తిన్నాను. బయట వాన. ఒంటరిగా ఉన్నట్టే అనిపించలేదు. ఎందుకో ఇంకో కంచం కూడా కడిగి పెట్టాను.

పెరట్లో కాసినవి వీరదుర్గ గారు నాకూ ఇస్తుంది. చేతికివ్వదు, గోడ మీద పెట్టి పిలుస్తుంది. నేను వెళ్ళేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయి ఉంటుంది. అలవాటైపోయింది. ఈ ఉదయం మాత్రం ఆగి, ఫెన్సింగ్ మొదట్లో ఎర్ర కాడల మొక్క చూపించింది. బచ్చలండీ, ఏటా పీకుతాం, ఏటా వస్తది, కనిపిస్తే పీకేయండి టీచర్ గారూ, అంది. పప్పులోకి బాగుంటుంది కదండీ అన్నాను. మేం తినమండీ, అంది.

ఆవిడ అత్తగారిని ఇవాళే దగ్గరగా చూశాను. వెంకటనరసమ్మ గారు. వెనక అరుగు మీద కూర్చుంటారు. మతిమరుపు. మజ్జిగన్నం రెండు ముద్దలు తిని చాలంటారట. కోడలు బతిమాలడం నాకు గోడ ఇవతలికి వినిపిస్తుంది. ఒక్క ముద్ద అత్తయ్యా, ఈ ఒక్కటీ నా కోసం, అంటుంది. కాసేపయ్యాక కంచం కడిగిన చప్పుడు.

ఆగస్టు 3, ఆదివారం

బచ్చలి పీకలేదు. పీకడానికి చెయ్యి రాలేదు. వానకి కంచె అంతా పాకింది. ఆకు నున్నగా, దళసరిగా, నూనె రాసినట్టుంది. కోసి పప్పులో వేశాను.

పోపు పెడుతుంటే వెనక నుంచి, పద్మా, పోపు మాడుతోంది చూడవే, అని వినిపించింది. చూశాను. నిజంగానే మాడుతోంది. స్టవ్ ఆపాక గానీ వెనక్కి తిరగలేదు. గుమ్మంలో వెంకటనరసమ్మ గారు.

నేను శాలినినండీ, టీచర్‌నండీ, అన్నాను. సరేలే, పెట్టు, అన్నారు. మా ఇంట్లో మీరు తినరండీ అనబోయాను. ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. ఆవిడ అప్పటికే నేల మీద కూర్చున్నారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, ఏం గొణుగుతున్నావే, అన్నం చల్లారిపోతోంది, అన్నారు.

కంచం ఖాళీ చేశారు. మారు అడిగి వేయించుకున్నారు. మరి అవతల రెండు ముద్దలు మించి తినని మనిషి!

వీరదుర్గ గారికి చెప్పలేదు. ఏమని చెప్పాలి? మీ అత్తగారు మా ఇంట్లో తిన్నారనా?

ఆగస్టు 17, ఆదివారం

రోజూ సాయంత్రం వస్తున్నారు. వీరదుర్గ గారు గుడికో పాల కేంద్రానికో వెళ్ళే వేళ. బచ్చలి పప్పు, బచ్చలి పులుసు, బచ్చలి బజ్జీ. ఇంకేం పెట్టినా కంచం పక్కకి జరిపేస్తారు. బుగ్గలు కాస్త నిండాయి. మా అత్తగారు తేరుకుంటున్నారండీ, ఏ దేవుడి దయో, అని వీరదుర్గ గారు గోడ మీద రెండు పొట్లకాయలు పెట్టింది.

పద్మ ఎవరో నాకు తెలియదు. పిలిస్తే పలుకుతున్నాను. పలకకపోతే తినరు.

పులుసులో చిన్న బెల్లం ముక్క వేశాను. మా అమ్మ ఎందులోనూ బెల్లం వెయ్యదు. ఎవరు చెప్పారు నాకు? ఆవిడ రుచి చూసి, ఇన్నాళ్ళకి బెల్లం గుర్తొచ్చిందా తల్లీ, అన్నారు.

ఆగస్టు 19

గిన్నె గట్టు మీద కుడివైపు పెడతాను ఎప్పుడూ. ఇవాళ ఎడమవైపు ఉంది. నేనే పెట్టి ఉంటాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే పుష్పమ్మని అడిగాను. మీకు తెలీదాండీ, ఆ పోర్షన్‌లోనే ఉంటన్నారు కదండీ, అంది. తర్వాత గరిటె పక్కన పెట్టి అంతా చెప్పింది.

పద్మప్రియ హనుమంతరావు గారి చెల్లెలు. కాలేజీలో చదువుతుండగా, ఇప్పుడు నేనుంటున్న గదిలోనే పోయింది. ఆ కంచె పక్కన బచ్చలి వేసింది ఆ అమ్మాయే. శ్రావణంలో విషజ్వరం వచ్చింది. రోడ్డంతా నీళ్ళు, ట్రాక్టర్ కూడా కదల్లేదు. జ్వరంలో కంద బచ్చలి కావాలని ఏడ్చిందట. బచ్చలి చలవ, జ్వరంలో పెట్టకూడదని తల్లి పత్యం గంజే పోసిందట. తగ్గాక పెడతాలేవే అందట. తగ్గలేదు.

ఆ మరుసటి ఏడాది వెంకటనరసమ్మ గారు కాశీ వెళ్ళారు. కాశీ వెళితే ఇష్టమైనది ఒకటి గంగలో వదిలేసి రావాలి. మళ్ళీ జన్మలో నోట పెట్టకూడదు. మా వాళ్ళకి ఈ పద్ధతి లేదు, నాకు తెలియదు. మనుషులు కాకరకాయలాంటివి వదిలి వచ్చేత్తారండీ, ఆయ్, ఎలాగూ తినరు కదా అని, ఈవిడ మాత్రం ప్రాణంగా తినే బచ్చలి వదిలేసిందండీ, అంది పుష్పమ్మ.

నేను ఆవిడ చేత ఆ మాట తప్పించాను. నెలన్నర నుంచి. ఆ అమ్మాయి పోయిన గదిలో, ఆ అమ్మాయి వేసిన పాదు కోసి.

సెప్టెంబర్ 13, శనివారం. రాత్రి

తెల్లారగానే బచ్చలి పీకేశాను. వేళ్ళతో సహా. పండిన గింజలు చితికి చేతులు ఊదారంగు అయ్యాయి. సబ్బుతో రుద్దినా పోలేదు. క్లాసులో పిల్లలు, టీచర్, ఇంక్ కారిందా, అని అడిగారు.

సెప్టెంబర్ 14

వచ్చారు. పొట్లకాయ పాలు పోసి వండాను. కంచం జరిపేశారు. చాలాసేపు నా మొహం చూసి, కోపమా పద్మా, అన్నారు.

సెప్టెంబర్ 28, ఆదివారం

రావడం మానేశారు. అవతల కూడా తినడం లేదు.

అరటికాయ వేపుడు చేసి గోడ మీద పెట్టాను. ఆనపకాయ పులుసు చేసి పెట్టాను. గిన్నెలు అక్కడే ఉండిపోయాయి. వీరదుర్గ గారు కళ్ళు తుడుచుకుంటూ, ఏమీ అనుకోకండి టీచర్ గారూ, మీ ఇంట్లోది మేం తినం కదా అని కాదండీ, ఆవిడ నోరే తెరవట్లేదండీ, అంది. మొదటి మాట అబద్ధం. రెండోది నిజం.

నేను చెప్పొచ్చు. చెబితే రూమ్ పోతుంది. ఊళ్ళో ఇంకెవరూ ఇవ్వరు. అంతకంటే, ఇన్నేళ్ళ మొక్కు పోయిందని వాళ్ళకి తెలుస్తుంది. చెప్పకపోతే ఆవిడ పోతారు. చర్చిలో పాస్టర్ గారు వాక్యం చెబుతున్నంతసేపూ ఇదే ఆలోచన.

అక్టోబర్ 16

ఆర్.ఎం.పి. డాక్టర్ వచ్చి సెలైన్ పెట్టాడు. గోడ అవతల నుంచి పద్మా, పద్మా.

రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్ళాను.

అక్టోబర్ 28, మంగళవారం

తుఫాను. స్కూల్‌కి సెలవు. కరెంట్ లేదు. పెసరకట్టు, అన్నం. గాలికి కంచె ఒకవైపు ఒరిగింది. కిటికీలోంచి చూస్తే పడిన కంచె మీద ఎర్రకాడలు. నేను చూడకుండా ఎప్పుడు ఇంత పెరిగాయో తెలియదు. పీకినప్పుడు రాలిన గింజలే మొలిచాయి. అంతే. సైన్స్ టీచర్ని, నాకు తెలుసు.

అయినా కిటికీ మూసేశాను.

నవంబర్ 1, శనివారం. సాయంత్రం

హనుమంతరావు గారు వెనక గుమ్మానికి వచ్చారు. నేను చేరాక ఇదే మొదటిసారి. లోపలికి రాలేదు. చెప్పులు విడిచి మెట్టు కింద నిలబడ్డారు.

అమ్మ మీ దగ్గరికి వచ్చేదని నాకు తెలుసండీ, అన్నారు. మా ఆవిడకీ తెలుసు, తింటోంది కదా అని ఊరుకున్నాం, డాక్టర్ ఇక లాభం లేదంటున్నాడు, ఏం పెట్టేవారండీ, అన్నారు.

బచ్చలండీ, అన్నాను.

ఆయన కంచె వైపు చూశారు. ఏమైనా తిడితే బాగుండేది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. బట్టలు సర్దుకున్నాను.

నవంబర్ 2, ఆదివారం

తెల్లారి తలుపు తీస్తే మెట్టు మీద కంద. ఇంత పెద్దది. అప్పుడే తవ్వినట్టుంది, మట్టి ఇంకా తడిగా ఉంది. పక్కన గునపం. మనిషి లేడు.

ఇవాళ కార్తీక ద్వాదశి. అందరిళ్ళలో కంద బచ్చలి వండుకునే రోజట. ఈ ఇంట్లో వండక ఇరవై ఏళ్ళు దాటిందట. ఇది వీరదుర్గ గారు తర్వాత చెప్పింది.

చర్చికి వెళ్ళలేదు. సర్దిన బట్టల సంచీ మంచం కిందికి తోశాను. కంద చెక్కుతుంటే చేతులు దురద. చింతపండు రాసుకున్నాను. ముక్కలూ బచ్చలీ కలిపి ఉడికించి, గరిటెతో మెదిపి, చింతపండు పులుసు పోసి, అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ పోపు పెట్టి, దించాక ఆవముద్ద కలిపాను. ఇది నేనెప్పుడూ వండలేదు. ఎవరినీ అడగలేదు. చిన్న బెల్లం ముక్క వేశాను.

గిన్నె గోడ మీద పెట్టబోతే వీరదుర్గ గారు రెండు వాటాల మధ్య తలుపు తీసి పట్టుకుని నిలబడింది. లోపలికి రామ్మా, అంది. ఇన్ని నెలల్లో ఆ తలుపు దాటడం ఇదే మొదలు.

వెంకటనరసమ్మ గారిని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టారు. నన్ను చూశారు. కంచం ఒళ్ళో పెట్టించుకున్నారు. తన చేత్తోనే అన్నం కలిపారు. ముద్ద చేశారు. కొడుకు, కోడలు చూస్తున్నారు. చెయ్యి ఆవిడ నోటి వైపు వెళ్ళలేదు. నా నోటి దగ్గరికి వచ్చింది.

తినవే, జ్వరం తగ్గిందిగా, అన్నారు.

ప్రార్థన చెయ్యలేదు. నోరు తెరిచాను.

కంచంలోది మొత్తం నాకే పెట్టారు. ముద్ద ముద్దకీ పెదవుల పక్కన బొటనవేలితో తుడిచారు. హనుమంతరావు గారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆవిడ ఒక్క ఆకు నోట పెట్టలేదు. అంతా అయ్యాక చెయ్యి కడుక్కుని కోడలి వైపు తిరిగారు. నాకు బచ్చలి లేదు కదే, కాశీలో వదిలేశాను, ఇంత మజ్జిగన్నం కలుపు, ఆకలేస్తోంది, అన్నారు.

నవంబర్ 9, ఆదివారం

లేచి అరుగు మీదికి వచ్చారు. మూడు పూటలా తింటున్నారట. కోడలు ఏది పెడితే అది. ఒంటి మీద కొత్త చీర.

దగ్గరికి వెళ్ళాను. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, ఎవరమ్మా నువ్వు, అన్నారు. వీరదుర్గ గారు నవ్వి, మన టీచర్ గారు అత్తయ్యా, శాలిని గారు, అంది. అలాగా, చల్లగా ఉండు తల్లీ, అన్నారు.

వీరదుర్గ గారు ఇప్పుడు కూరగాయలు చేతికే ఇస్తోంది. సంతోషంగా ఉండాలి నేను. ఇవాళ కూడా రెండు కంచాలు పెట్టాను. సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చున్నాను.

పోపు మాడిపోయింది. ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 16

గిన్నె మళ్ళీ ఎడమవైపే ఉంది. జరపలేదు. అక్కడే వీలుగా ఉంది.

నవంబర్ 23, ఆదివారం

ఇంటికి వచ్చాను. అమ్మ కొరమీను పులుసు చేసింది. కంచం ముందు కూర్చోలేకపోయాను. వాసన పడలేదు. అమ్మ కంగారుగా నుదుటి మీద చెయ్యి వేసింది. జ్వరమా శాలినీ, అంది.

తగ్గిందమ్మా, అన్నాను.